ప్లాట్‌ఫామ్ గేమ్‌లో టాగుల్ స్విచ్: ఆలోచన నుంచి టెస్టింగ్ దాకా

ప్లాట్‌ఫామ్ గేమ్ (పాత్ర గట్టు నుంచి గట్టుకు దూకుతూ సాగే ఆట) తయారుచేసేవాళ్లు దాదాపు అందరూ ఏదో ఒక లెవెల్‌లో స్విచ్ పెడతారు. కొడితే ఎర్ర బ్లాకులు మాయమై నీలం బ్లాకులు గట్టిపడతాయి. ఇంకోసారి కొడితే అంతా మళ్లీ మొదటికొస్తుంది. బొమ్మ గీసి నాలుగు లైన్ల కోడ్ రాస్తే సాయంత్రానికల్లా పనిచేస్తుంది కూడా. అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలవుతుంది. ఒక్క దెబ్బకు స్విచ్ మూడుసార్లు మారుతుంది. బ్లాక్ లోపల ప్లేయర్ ఇరుక్కుంటాడు. చచ్చిపోయి మళ్లీ మొదలుపెడితే స్విచ్ ఒకటి చూపిస్తుంది, గేట్ ఇంకోలా ఉంటుంది. ఒక్కోసారి ముందుకూ వెనక్కూ దారిలేక ఆట అక్కడే ఆగిపోతుంది.

వీటిలో చాలావాటికి మూలం ఒకటే. మొదటి దెబ్బకు ఏం జరగాలో అందరం బాగానే ఆలోచిస్తాం, రెండో దెబ్బ సంగతి వదిలేస్తాం. టాగుల్ స్విచ్ గొప్పదనం, దాని ప్రమాదం రెండూ ఆ రెండో దెబ్బలోనే ఉన్నాయి. కింద చెప్పే ప్రతి మెట్టులోనూ అదే మనకు కొలబద్ద. నేను 2డి గేమ్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. గోడో, యూనిటీ లాంటి రెడీమేడ్ గేమ్ ఇంజిన్ (గేమ్ కట్టడానికి వాడే సాఫ్ట్‌వేర్), సొంత ఇంజిన్, ఏది వాడినా పద్ధతి మారదు. ఒక ఇంజిన్‌కే పరిమితమైన విషయం వచ్చినప్పుడు పేరు పెట్టి చెబుతాను.

మొదటి మెట్టు: మీకు కావాల్సింది నిజంగా టాగులేనా?

స్విచ్‌లన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ ప్రవర్తనలో నాలుగు రకాలు. ఒకసారి నొక్కితే శాశ్వతంగా మారేవి ఒక రకం. 1990లో వచ్చిన సూపర్ మారియో వరల్డ్‌లోని స్విచ్ ప్యాలెస్‌లు దీనికి మంచి ఉదాహరణ. ఒక రంగు ప్యాలెస్‌లో పెద్ద స్విచ్‌ను తొక్కితే ఆట అంతటా ఆ రంగు చుక్కల గీతల బ్లాకులు గట్టి బ్లాకులుగా మారిపోతాయి, ఇక వెనక్కి తిరగవు. రెండోది కొంతసేపే పనిచేసేది. 1988 నాటి సూపర్ మారియో బ్రదర్స్ 3లో వచ్చిన పీ స్విచ్ తొక్కితే నాణేలు ఇటుకలవుతాయి, ఇటుకలు నాణేలవుతాయి, కాసేపటికి మళ్లీ యథాస్థితి. మూడోది పైన బరువు ఉన్నంతసేపే నొక్కుకుని ఉండే మీట. నాలుగోది మన టాగుల్: కొట్టిన ప్రతిసారీ అటునుంచి ఇటు, ఇటునుంచి అటు.

ఎంచుకునేముందు ఒక ప్రశ్న వేసుకోండి. ప్లేయర్ ఈ స్విచ్‌ను రెండోసారి కొట్టాలని ఎప్పుడైనా అనుకుంటాడా? అనుకోడు అంటే మీకు కావాల్సింది టాగుల్ కాదు, తాళంచెవి. స్విచ్ బొమ్మ వేసిన తాళంచెవిలో తప్పేమీ లేదు, అయితే దాన్ని ఒకసారి నొక్కితే దిగిపోయి ఉండిపోయేలా చేయండి. టాగుల్‌లా పెట్టి వదిలేస్తే ప్లేయర్ పొరపాటున మళ్లీ తగిలి, తెరుచుకున్న గేట్‌ను తనే మూసుకుంటాడు. దానివల్ల ఎవరికీ లాభం లేదు.

రెండో మెట్టు: ఒకటి ఇచ్చి ఇంకొకటి తీసుకోండి

లెవెల్ డిజైన్‌లో నేను అన్నిటికంటే గట్టిగా పట్టుకునే నియమం ఇది. టాగుల్ కొట్టినప్పుడు ఒక దారి తెరుచుకోవాలి, అదే క్షణంలో ఇంకో దారి మూసుకోవాలి. తెరుచుకోవడమే ఉంటే ప్లేయర్ ఆలోచించడు, కనిపించిన స్విచ్‌ను కనిపించినట్టు కొట్టుకుంటూ పోతాడు. పోగొట్టుకునేది కూడా ఉంటేనే "ఇప్పుడు కొట్టాలా, అవతలికి వెళ్లాక కొట్టాలా" అనే ప్రశ్న పుడుతుంది. స్విచ్‌తో వచ్చే ఆట అంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

2019లో వచ్చిన సూపర్ మారియో మేకర్ 2లో ఆన్-ఆఫ్ స్విచ్‌తో లక్షలమంది లెవెల్స్ కట్టగలిగారంటే కారణం ఈ జంట ఏర్పాటే. ఆన్‌లో ఎర్ర బ్లాకులు గట్టిగా ఉంటాయి, నీలంవి చుక్కల గీతలుగా ఉంటాయి. ఆఫ్‌లో తిరగబడుతుంది. ప్లాట్‌ఫామ్ గేమ్ కాకపోయినా 1991 నాటి జెల్డా గేమ్ ఎ లింక్ టు ద పాస్ట్‌లోని క్రిస్టల్ స్విచ్‌లు కూడా ఇదే సూత్రం మీద నడుస్తాయి, నారింజ దిమ్మెలు లేస్తే నీలం దిమ్మెలు దిగుతాయి.

ఇంకో విషయం గమనించండి. టాగుల్‌లో సరి, బేసి లెక్క దానంతట అదే వస్తుంది. దారిలో తప్పనిసరిగా తగిలే స్విచ్‌లు రెండు ఉంటే గది చివరికి వచ్చేసరికి ఏమీ మారనట్టే, మూడు ఉంటే మారినట్టే. తప్పించుకోలేని చోట, అంటే ఇరుకు సొరంగం నేలమీదో, పడేచోటో స్విచ్ పెడితే ఈ లెక్కతో చక్కటి పజిల్స్ కట్టొచ్చు. 2011లో వచ్చిన సూపర్ మారియో 3డి ల్యాండ్‌లో మారియో ఎగిరిన ప్రతిసారీ తిరగబడే ఎరుపు, నీలం పలకలు ఉంటాయి. అక్కడ జంపే స్విచ్. ప్లేయర్ తన జంపులను తనే లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది. విడిగా స్విచ్ బొమ్మ లేకుండానే టాగుల్ ఎంత పని చేయగలదో చూడాలంటే ఆ పలకలను చూడాలి.

మూడో మెట్టు: స్టేట్ ఒక్కచోటే ఉండాలి

ఇక కోడ్. కొత్తవాళ్లు సాధారణంగా స్టేట్‌ను, అంటే ఆన్-ఆఫ్ విలువను, స్విచ్ లోపలే పెట్టుకుంటారు. గదిలో ఒక్క స్విచ్ ఉన్నంతవరకు బాగానే నడుస్తుంది. అదే రంగు స్విచ్ ఇంకోటి పెట్టిన రోజున తేడా వస్తుంది: ఒకటి ఆన్ అంటుంది, ఇంకోటి ఆఫ్ అంటుంది, గేట్ ఎవరి మాట వినాలో తెలియదు.

అందుకని విలువను స్విచ్ నుంచి బయటికి తీసేయండి. లెవెల్ మొత్తానికి మేనేజర్ అనే ఒక స్క్రిప్ట్ పెట్టి, దానిలో ప్రతి ఛానెల్‌కూ ఒక విలువ ఉంచండి. ఛానెల్ అంటే ఒక పేరు, అంతే: "ఎరుపు-నీలం", "లిఫ్ట్", "నీటి గేట్" లాంటివి. గోడోలో దీన్ని ఆటోలోడ్‌గా (ఆట అంతటా లోడై ఉండే స్క్రిప్ట్‌గా) గానీ లెవెల్ నోడ్ కింద గానీ పెట్టొచ్చు. యూనిటీలో స్క్రిప్టబుల్ ఆబ్జెక్ట్‌తో (డేటా దాచుకునే ఫైల్‌తో) చేసేవాళ్లున్నారు, కానీ ఎడిటర్‌లో ప్లే ఆపాక కూడా అందులో మార్చిన విలువ అలాగే మిగిలి ఉండొచ్చు కాబట్టి మొదలయ్యేటప్పుడు తప్పకుండా రీసెట్ చేయండి.

స్విచ్ చేసే పని ఇప్పుడు చాలా తగ్గిపోతుంది. దెబ్బ తగలగానే మేనేజర్‌తో "ఈ ఛానెల్‌ను మార్చు" అంటుంది. మేనేజర్ విలువ మార్చి అందరికీ సిగ్నల్ పంపుతుంది. ఆ సిగ్నల్ విని స్విచ్ కూడా తన బొమ్మ మార్చుకుంటుంది. తను కొట్టించుకున్నందుకు కాదు, సిగ్నల్ వచ్చినందుకు మార్చుకోవాలి. అప్పుడు అదే ఛానెల్‌లోని పది స్విచ్‌లూ ఒకేసారి ఒకే బొమ్మ చూపిస్తాయి.

ఇక్కడ అసలు గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. సిగ్నల్‌లో "మారు" అని పంపకండి, "ఇప్పుడు ఆన్" లేదా "ఇప్పుడు ఆఫ్" అని కొత్త విలువ పంపండి. "మారు" అని పంపితే ప్రతి బ్లాక్ తన పాత విలువను తనే తిరగేసుకుంటుంది. ఏ బ్లాకైనా ఒక్క సిగ్నల్ వినకపోయిందనుకోండి, అంటే అది ఆలస్యంగా లోడ్ అయిందో, స్క్రీన్ బయట ఉందని మీరే ఆపి ఉంచారో, అప్పటినుంచి అది ఎప్పటికీ తలకిందులుగానే ఉంటుంది. విలువ పంపితే తర్వాతి సిగ్నల్‌కే సర్దుకుంటుంది. ఒకే విలువ రెండుసార్లు వచ్చినా నష్టం లేదు. అలాగే ప్రతి బ్లాక్ గదిలోకి రాగానే సిగ్నల్ కోసం కాచుకుని ఉండకుండా, ముందు మేనేజర్‌ను ప్రస్తుత విలువ అడిగి దానికి తగ్గట్టు నిలబడాలి. ఈ రెండు అలవాట్లతోనే స్విచ్ బగ్స్‌లో సగం పుట్టకముందే పోతాయి.

ప్రతి వస్తువుకూ "తిరగేసి చదువు" అనే ఒక టిక్ పెట్టె ఇవ్వండి. ఎర్ర బ్లాక్, నీలం బ్లాక్ రెండూ ఒకే సీన్, ఒకే స్క్రిప్ట్. నీలం బ్లాక్‌లో ఆ టిక్ పెట్టి ఉంటుంది, అంతే తేడా.

నాలుగో మెట్టు: ఒక దెబ్బకు ఒకే మార్పు

సెకనుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో ప్లేయర్ స్విచ్ మీద పావు సెకను నిలబడ్డాడంటే 15 ఫ్రేములు తాకినట్టు. "తాకుతున్నాడా?" అని ప్రతి ఫ్రేమ్‌లో అడిగి మారిస్తే స్విచ్ 15 సార్లు మారుతుంది. 15 బేసి సంఖ్య కాబట్టి ఆ ఒక్కసారికి సరిగ్గా పనిచేసినట్టే కనిపిస్తుంది కూడా. ఇలాంటి బగ్‌ను పట్టుకోవడం కష్టం, మీ దగ్గర బాగానే ఉంటుంది, వేరేవాళ్ల దగ్గర ఉండదు.

అడగాల్సిన ప్రశ్న "ఇప్పుడే తాకడం మొదలైందా?" అన్నది. గోడోలో ఏరియా2డి పంపే బాడీ ఎంటర్డ్ సిగ్నల్, యూనిటీలో ఆన్ ట్రిగర్ ఎంటర్ 2డి ఈ పనికే ఉన్నాయి. అయినా అంతటితో సరిపోదు. ప్లేయర్‌కు రెండు కొలిజన్ షేపులు (తాకిడిని గుర్తించే ఆకారాలు) ఉంటే యూనిటీలో రెండుసార్లు ఎంటర్ రావచ్చు. స్విచ్ అంచున నిలబడి వణికినట్టు కదిలితే లోపలికీ బయటికీ వచ్చిపోతూ ఉంటాడు. కాబట్టి ఇంకో రెండు కట్టుబాట్లు పెట్టండి. ఒకటి, మారిన తర్వాత 0.2 సెకన్లు స్విచ్ ఏ దెబ్బనూ పట్టించుకోకూడదు. రెండు, తాకిన వస్తువు పూర్తిగా బయటికి వెళ్లాకే స్విచ్ మళ్లీ సిద్ధమవ్వాలి. ఇందుకు ట్రిగర్ షేపు ఒక్కటే పెట్టుకోకుండా, బయటికి వెళ్లడం చూసే షేపును దానికంటే రెండు మూడు పిక్సెళ్లు పెద్దగా పెడితే అంచున వణుకు సమస్య పోతుంది.

ఆ 0.2 అంకెను గుడ్డిగా పెంచకండి. అరసెకను దాకా పెంచితే వేగంగా ఆడేవాళ్లు కావాలని కొట్టే రెండో దెబ్బ పోతుంది, స్విచ్ పాడైపోయిందని అనుకుంటారు.

ఎవరు కొట్టొచ్చు అన్నది కూడా ఇప్పుడే తేల్చేయండి. ప్లేయర్ ఒక్కడేనా? విసిరిన రాయి, తన్నిన తాబేలు చిప్ప, శత్రువు, బాణం? నా ఓటు మాత్రం వీలైనంత ఎక్కువ వాటికి ఇవ్వమనే. దూరంనుంచి కొట్టగలిగితే పజిల్స్ పదింతలవుతాయి. మారియో మేకర్ 2లో రెండు గోడల మధ్య కొట్టుకునే చిప్పతో స్విచ్‌ను దానంతట అదే మారుతూ ఉండేలా చేసి, లెవెల్ మొత్తానికి గడియారంలా వాడుకున్నవాళ్లున్నారు. అయితే ఏ జాతి వస్తువులు కొట్టగలవో ఆట అంతటా ఒకే నియమం ఉండాలి. ఒక లెవెల్‌లో రాయి పనిచేసి ఇంకో లెవెల్‌లో పనిచేయకపోతే ప్లేయర్ ఇక దేన్నీ నమ్మడు.

ఐదో మెట్టు: బ్లాక్ గట్టిపడేచోట ప్లేయర్ ఉంటే?

ఇది తప్పించుకోలేని ప్రశ్న. చుక్కల గీతల బ్లాక్ గుండా ప్లేయర్ దూకుతున్నాడు, సరిగ్గా అప్పుడే స్విచ్ మారింది. ఏం జరగాలి? జవాబు మూడు రకాలుగా చెప్పొచ్చు.

నలిపి చంపేయడం ఒకటి. కఠినమైన ఆటకు ఇది సరిపోతుంది, స్పష్టంగానూ ఉంటుంది. కానీ ఒక పిక్సెల్ అంచు తగిలినందుకు చంపితే అన్యాయంగా ఉంటుంది, కనీసం ఒంట్లో మూడో వంతు లోపల ఉంటేనే చంపండి. రెండోది, దగ్గరి ఖాళీవైపు నెట్టేయడం. ముందు పైకి చూడండి, నాలుగైదు పిక్సెళ్లలో పైకి నెట్టగలిగితే ప్లేయర్ బ్లాక్ మీద నిలబడతాడు, అతనికి తన టైమింగ్ బాగుందనిపిస్తుంది. లేకపోతే పక్కలకు చూడండి. ఎక్కడా ఖాళీ లేకపోతే అప్పుడు చంపండి. గోడ అవతలికి మాత్రం ఎప్పుడూ నెట్టకండి, అలా చేస్తే మూసిన గదుల్లోకి దొడ్డిదారి దొరుకుతుంది. మూడోది ఆగడం: లోపల ఎవరైనా ఉన్నంతసేపు ఆ ఒక్క బ్లాక్ చుక్కల గీతలుగానే ఉండి, ఖాళీ అవ్వగానే గట్టిపడుతుంది. మెత్తటి ఆటలకు, పిల్లల ఆటలకు నేను దీన్నే ఎంచుకుంటాను. ఒక్కటే జాగ్రత్త, ఆగిన బ్లాక్ ప్రతి ఫిజిక్స్ ఫ్రేమ్‌లో మళ్లీ చూసుకోవాలి, అలాగే ఇంతలో స్విచ్ తిరిగి మారితే ఎదురుచూడటం మానేయాలి.

గోడో వాడేవాళ్లకు ఒక మాట. బాడీ ఎంటర్డ్ సిగ్నల్ లోపలే నేరుగా కొలిజన్ షేపును ఆపబోతే ఫిజిక్స్ లెక్క మధ్యలో మార్చకూడదని ఇంజిన్ ఎర్రర్ ఇస్తుంది. డిసేబుల్డ్ అనే ప్రాపర్టీని సెట్ డిఫర్డ్‌తో మార్చండి, ఆ లెక్క పూర్తయ్యాక మారుతుంది.

గట్టిపడే క్షణానికీ బొమ్మ మారే క్షణానికీ తేడా ఉండకూడదు. బ్లాక్ నెమ్మదిగా వెలిగే యానిమేషన్ అందంగానే ఉంటుంది, కానీ కంటికి గట్టిగా కనిపించినప్పుడే కాలికి గట్టిగా తగలాలి. నా పద్ధతి ఏంటంటే కొలిజన్, ముఖ్యమైన బొమ్మ ఒకే ఫ్రేమ్‌లో మారుస్తాను, మెరుపులూ రేణువులూ ఆ తర్వాత తీరిగ్గా నడుస్తాయి.

ఆరో మెట్టు: కనిపించాలి, వినిపించాలి

రంగు ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. యూరప్ మూలాలున్న మగవాళ్లలో దాదాపు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు. ఎరుపు, నీలం జంట కాస్త నయం, అయినా ఆకారంలో కూడా తేడా పెట్టండి: ఒకదాని మీద గుండ్రం, ఇంకోదాని మీద గుణకారం గుర్తు. గట్టి బ్లాక్ నిండుగా, నీడతో ఉండాలి. ఖాళీ బ్లాక్ చుక్కల గీతగా ఉండాలి. ఖాళీ బ్లాకును పూర్తిగా మాయం చేయడం మాత్రం నాకు నచ్చదు. అక్కడ ఏం రాబోతోందో కనిపిస్తేనే ప్లేయర్ ముందే ప్లాన్ వేసుకోగలడు.

స్క్రీన్‌షాట్ తీసి రంగులన్నీ తీసేసి నలుపు తెలుపులో చూడండి. ఏవి గట్టివో, ఏవి ఖాళీవో, స్విచ్ ఏ వైపు ఉందో చెప్పగలిగితే సరిపోయినట్టే.

శబ్దం దగ్గర చాలామంది ఒకే "టక్" పెట్టి వదిలేస్తారు. రెండు పెట్టండి. ఆన్‌కు పైకి వెళ్లే రెండు స్వరాలు, ఆఫ్‌కు కిందికి దిగే రెండు స్వరాలు. ప్లేయర్ కన్ను తన పాత్ర మీదే ఉంటుంది, స్విచ్ వైపు చూసే తీరిక ఉండదు. ఏ వైపు మారిందో అతనికి చెవులే చెబుతాయి. కొట్టిన క్షణంలో రెండు మూడు ఫ్రేములు ఆటను ఆపి వదిలితే దెబ్బకు బరువొస్తుంది, అయితే గాల్లో కొట్టే స్విచ్‌లకు ఇది జంప్ లయను చెడగొట్టకుండా చూసుకోవాలి.

స్విచ్ ప్రభావం స్క్రీన్ బయట ఎక్కడో పడితే ప్లేయర్‌కు ఏమీ అర్థం కాదు. కెమెరాను అటు తిప్పి చూపించి వెనక్కి తేవచ్చు, కానీ మొదటిసారికే. ప్రతి దెబ్బకూ చూపిస్తే విసుగు. మొదటి రెండు గదుల్లోనైనా స్విచ్, దాని ఫలితం ఒకే స్క్రీన్‌లో పెట్టడం అన్నిటికంటే మంచి దారి.

ఏడో మెట్టు: ఒక గదిని దగ్గరగా కట్టి చూద్దాం

ఇప్పుడు అంకెలతో ఒక గది. ఎడమ గట్టు, మధ్యలో 6 టైల్స్ (లెవెల్‌ను కట్టే చదరపు గడులు) వెడల్పు గొయ్యి, కుడి గట్టు, దాని చివర తలుపు. గొయ్యి మీద ఎర్ర బ్లాకుల వంతెన. తలుపును అడ్డగిస్తున్నది కూడా ఎర్ర బ్లాకులే. అంటే ఆన్‌లో వంతెన ఉంది, తలుపు మూసి ఉంది. ఆఫ్‌లో తలుపు తెరుచుకుంటుంది, వంతెన పోతుంది. గాల్లో వేలాడే స్విచ్ ఒక్కటే, కింద నుంచి తలతో కొట్టాలి. దాన్ని ఎక్కడ పెట్టాలి?

మన పాత్ర 1 టైల్ వెడల్పు, 1 టైల్ ఎత్తు. జంప్ 3 టైల్స్ ఎత్తు, శిఖరానికి చేరడానికి 0.35 సెకన్లు. పరుగు వేగం సెకనుకు 6 టైల్స్. వీటినుంచి గురుత్వం సెకను వర్గానికి 49 టైల్స్ అని వస్తుంది, పైకి ఎగిరే తొలి వేగం సెకనుకు సుమారు 17. నిండు జంప్ గాల్లో 0.7 సెకన్లు ఉంటుంది, ఆ లోపల 4.2 టైల్స్ ముందుకు పోతుంది. గొయ్యి 6 టైల్స్ కాబట్టి వంతెన లేకుండా దూకలేరు. ఇది ముందు సరిచూసుకోవాలి, లేకపోతే పజిలే ఉండదు.

తల తగలగానే పైకి వెళ్లే వేగం సున్నా అయిపోతుంది కాబట్టి జంప్ కురచబడుతుంది. కాళ్లు 2 టైల్స్ పైకి లేచేసరికి తల తగిలేలా స్విచ్ పెట్టామనుకుందాం, అంటే స్విచ్ అడుగు భాగం వంతెన మీద నుంచి 3 టైల్స్ ఎత్తులో. తగలడానికి 0.15 సెకన్లు, అక్కడినుంచి కింద పడటానికి 0.29 సెకన్లు. మొత్తం జంప్ 2.6 టైల్స్‌కే అయిపోతుంది. అందులో తల తగిలాక మిగిలేది 1.7 టైల్స్ మాత్రమే. వంతెన మాయమయ్యాక ప్లేయర్ చేతిలో ఉన్నది అంతే.

కాబట్టి స్విచ్‌ను వంతెన చివరి టైల్‌కు సరిగ్గా పైన పెట్టాలి. దాని ఎడమ మూలకు తల అంచు తగిలినా, కుడి కాలు గట్టును అందుకోవడానికి ఒక్క టైల్ చాలు. చేతిలో 1.7 ఉన్నాయి, ఊరట బాగానే ఉంది. అదే స్విచ్‌ను ఇంకో రెండు టైల్స్ వెనక్కి పెడితే, మధ్యలో తల తగిలినవాడికి 2 టైల్స్ కావాలి, పడిపోతాడు. ఆటలో రెండు టైల్స్ అంటే అంత తేడా. ఒక టైల్ వెనక్కి పెట్టిన గదిని కష్టమైన రూపంగా తర్వాతి లెవెల్‌లో వాడుకోవచ్చు.

ఎనిమిదో మెట్టు: ఇరుక్కుపోయే చోట్లు వెతకడం

ఈ గదికే నాలుగు పరిస్థితులు రాద్దాం. ప్లేయర్ ఎక్కడ ఉన్నాడు, స్విచ్ ఎలా ఉంది అన్న రెండు ముక్కలు చాలు.

ఎడమ గట్టు, ఆన్: వంతెన ఉంది, కుడికి వెళ్లొచ్చు.
కుడి గట్టు, ఆన్: తలుపు మూసి ఉంది, కానీ వంతెన మీదికి వెనక్కి వచ్చి స్విచ్ కొట్టొచ్చు.
కుడి గట్టు, ఆఫ్: తలుపు తెరిచి ఉంది, గెలిచినట్టే.
ఎడమ గట్టు, ఆఫ్: వంతెన లేదు, స్విచ్ అందదు, దారి లేదు.

నాలుగోదానికి ప్లేయర్ చేరగలడా? తలతో మాత్రమే కొట్టగలిగితే చేరలేడు, ఎందుకంటే ఆ 1.7 టైల్స్‌తో ఎడమ గట్టుకు తిరిగి రాలేడు, గొయ్యిలో పడతాడు. కానీ నాలుగో మెట్టులో మనం రాయి విసిరే అవకాశం ఇచ్చాం. ఎడమ గట్టునుంచే రాయి విసిరి స్విచ్ కొట్టాడంటే వంతెన పోతుంది, రాయి గొయ్యిలో పడుతుంది, ఆట అక్కడే ఆగిపోతుంది. చావు కూడా రాదు, చస్తే కనీసం మళ్లీ మొదలయ్యేది. ప్లేయర్‌కు ఇంతకంటే చేదు అనుభవం ఉండదు.

పరిష్కారాలు సులువైనవే. ఎడమ గట్టు మీద అదే ఛానెల్ స్విచ్ ఇంకోటి పెట్టొచ్చు, రాళ్లు అయిపోకుండా మళ్లీ వచ్చేలా చేయొచ్చు, లేదా రాయి వెళ్లకుండా మధ్యలో ఒక అడ్డుగోడ పెట్టొచ్చు. ఈ మూడింట్లో నేను రెండో స్విచ్‌నే ఎంచుకుంటాను. అది గదికి కొత్త ఆలోచనలను కూడా తెస్తుంది.

ఛానెల్స్ పెరిగే కొద్దీ పరిస్థితులు రెట్టింపవుతాయి. మూడు ఛానెల్స్‌కు 8 కలయికలు, ఐదుకు 32, దాన్ని గదిలోని చోట్లతో గుణించాలి. చేత్తో రాయగలిగినంతవరకే ఒక గదిలో ఛానెల్స్ పెట్టండి. నా అనుభవంలో రెండు హాయిగా ఉంటాయి, మూడు దాటితే ఆడేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోలేరు.

తొమ్మిదో మెట్టు: చెక్‌పాయింట్

చెక్‌పాయింట్ (చచ్చాక ఆట మళ్లీ మొదలయ్యే చోటు) తాకినప్పుడు ప్లేయర్ చోటుతోపాటు అన్ని ఛానెల్స్ విలువలూ దాచండి. చచ్చి తిరిగొచ్చినప్పుడు ఆ విలువలను మేనేజర్‌లో పెట్టి, మామూలు సిగ్నలే అందరికీ పంపండి. బ్లాకులు తమంతట తాము సర్దుకుంటాయి. మూడో మెట్టులో విలువ పంపమన్నది ఇందుకు కూడా. ఒక్క తేడా, ఈ సిగ్నల్‌కు శబ్దం, మెరుపులు ఉండకూడదు. అందుకని సిగ్నల్‌తోపాటు "వెంటనే, చప్పుడు లేకుండా" అనే ఇంకో విలువ కూడా పంపండి.

ప్లేయర్ ఇరుక్కునే స్టేట్‌లో ఉండగా చెక్‌పాయింట్ తాకితే ఆ ఇరుకే సేవ్ అయిపోతుంది. చెక్‌పాయింట్‌లను గది మొదట్లో, స్విచ్‌కు ఇవతలే పెట్టండి. పాజ్ మెనూలో "గదిని మళ్లీ మొదలుపెట్టు" అని ఒక బటన్ కూడా ఉండాలి, ఎంత జాగ్రత్తగా కట్టిన ఆటకైనా.

పదో మెట్టు: నేర్పే వరుస

మొదటి గదిలో ప్రాణభయం పెట్టకండి. స్విచ్ దారికి అడ్డంగా ఉండాలి, కొట్టక తప్పకూడదు, కొడితే ముందున్న గోడ పోయి వెనకాల గోడ రావాలి, అంతే. రెండో గదిలో రెండుసార్లు కొట్టాల్సిన అవసరం కల్పించండి, వెళ్లి ఒక వస్తువు తెచ్చుకుని తిరిగి రావడంలాంటిది. స్విచ్ వెనక్కి కూడా తిరుగుతుందని ప్లేయర్ తన చేతులతో తెలుసుకునేది ఇక్కడే, కాబట్టి ఈ గదిని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. ఆ తర్వాత పైన కట్టిన గొయ్యి గది. ఆ తర్వాత మలుపు: ప్లేయర్ కాకుండా శత్రువు స్విచ్ కొట్టే గది.

నింటెండోలో 3డి ల్యాండ్‌కు డైరెక్టర్‌గా పనిచేసిన కోయిచి హయషిదా తమ లెవెల్ డిజైన్ గురించి మాట్లాడుతూ కిషోతెంకెత్సు అనే నాలుగు భాగాల కథన పద్ధతిని ప్రస్తావించారు. పరిచయం, విస్తరణ, మలుపు, ముగింపు. ఒక్క స్విచ్‌తో నాలుగైదు గదులు కట్టేటప్పుడు ఈ వరుస ఎంతో సాయం చేస్తుంది.

చివరి మెట్టు: పాడుచేయడానికి ఆడండి

మీ గదిని గెలవడానికి ఆడటం మానేసి, పాడుచేయడానికి ఆడండి. స్విచ్ అంచున నిలబడి అటూ ఇటూ జరగండి. రాయినీ తలనూ ఒకే క్షణంలో తగిలించండి. కొట్టిన మరుక్షణం పాజ్ చేయండి. కొట్టి, చచ్చి, తిరిగొచ్చి వెంటనే మళ్లీ కొట్టండి. ఆటను సెకనుకు 30 ఫ్రేములకు తగ్గించి ఒకసారి, 144కు పెంచి ఒకసారి ఆడండి. 0.2 సెకన్ల విరామాన్ని ఫ్రేముల్లో లెక్కపెట్టి ఉంటే ఇక్కడ బయటపడుతుంది.

డెవలపర్‌కు మాత్రమే కనిపించేలా స్క్రీన్ మూలలో ప్రతి ఛానెల్ విలువను, అది ఎన్నిసార్లు మారిందో రాయించుకోండి. ఒక దెబ్బ కొట్టినప్పుడు ఆ లెక్క ఒకటే పెరగాలి. రెండు పెరిగితే బ్లాకులు యథాస్థితిలోనే కనిపిస్తాయి, మీరు దెబ్బ తగల్లేదని అనుకుంటారు, నిజానికి రెండుసార్లు తగిలి ఉంటుంది. ఆ అంకె కనిపిస్తూ ఉంటేనే ఆ రెండింటికీ తేడా తెలుస్తుంది, ఏ ఫంక్షన్‌లో వెతకాలో కూడా అదే చూపిస్తుంది.